అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను

పట్టణ ప్రణాళిక అధికారి గారికి నమస్కరించి రాసుకునే మనవి.

అయ్యా, మిర్చి యార్డు వెనక మా వీధిని వాణిజ్య ప్రాంతంగా మార్చడం మీద మీరు ప్రజల అభ్యంతరాలు అడిగినప్పుడు మా ఆయన దేవసహాయం ఒక అర్జీ ఇచ్చారు. మా గోడ పక్కనే అనుమతి లేకుండా నడుస్తున్న కారం మిల్లు ఘాటుకు ఊపిరాడడం లేదని అందులో రాశారు. విచారణకు రమ్మని మీ నోటీసు వచ్చేసరికి ఆయన లేరు. మొన్న మే నెలలో ఆయాసంతోనే పోయారు.

ఇప్పుడు నేను అదే మిల్లులో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. నిన్న యజమాని పిలిచి, "ఏమ్మా, మీ ఆయన కాగితం ఒక్కటే అడ్డం పడింది. అది వెనక్కి తీసుకుంటేనే రేపట్నుంచి పనిలోకి రా" అన్నారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు. అందుకని ఆ అర్జీని రద్దు చేయమని కోరుతున్నాను.

ఘాటు వల్ల మాకేమీ ఇబ్బంది లేదని కూడా రాయమని యజమాని చెప్పారు. "అట్లాగేనండీ" అని తలూపి వచ్చాను. తీరా రాద్దామని కూర్చుంటే మా చిన్నది పక్కన పడుకుని దగ్గుతూనే ఉంది. ఆ మాట మాత్రం రాయలేకపోయాను. దయచేసి అది లేకుండానే ఈ కాగితం తీసుకోండి.

ఇట్లు,
దేవసహాయం భార్య