నడుమెత్తు జిల్లేడు

విల్మా తల్లీ, మీ అమ్మకు చూపు వచ్చింది! రెండో కంటికి కట్టు విప్పగానే ముందు నా గడ్డం చూసి, "ఇంత తెల్లబడిందా, నాకెవరూ చెప్పలేదే" అంది. పక్కనున్న నర్సు నవ్వు ఆపుకోలేకపోయింది. నేను టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. దేవుడు ఎంత మంచివాడు తల్లీ, ఎంత మంచివాడు.

ఆయన దయవల్ల ఇక్కడ మనుషులూ పశువులూ అందరం కులాసా. అక్కడ మొంటానాలో నువ్వూ అల్లుడూ నీ బడిపిల్లలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

ఆసుపత్రి నుంచి కారు మాట్లాడుకుని వచ్చాం. దారి పొడుగునా మీ అమ్మ కనబడిన ప్రతి బోర్డూ పైకి చదివింది. మొక్కజొన్న చేలు వచ్చేసరికి మాట ఆపేసి, ఇన్నాళ్లూ తనకది ఉత్త నీడలా ఉండేదనీ ఇప్పుడు ఆకుకు ఆకు విడిగా ఉందనీ నా చేయి పట్టుకుంది. ఇంట్లో అడుగుపెట్టగానే వంటింటి అరల మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు నా ముక్కు దగ్గరికి తెచ్చింది. తిట్లు తింటూ అంత సంతోషపడిన మొగుడు అయోవా మొత్తంలో ఉండడు.

నువ్వడిగినవాటికి జవాబులు. గోధుమరంగు ఆడగుర్రానికి కాలు నయమైంది, బండికి కడుతున్నాం. నీ బొంత ముక్కలు అందాయి. అమ్మ సూదిలోకి దారం తానే ఎక్కించి కుట్టడం మొదలుపెట్టింది. ఇక జిల్లేడు కాయలు. అవి పండగానే దూది చెదరకముందే కోసి పంపమన్నావు, గింజలు బడి కంచె వెంట చల్లుతానన్నావు. పంపలేను తల్లీ. ఈ ఏడాది కాయలు లేవు. ఎందుకు లేవో పోయిన ఉత్తరంలోనే రాయవలసింది. వానల గురించి రెండు పేజీలు నింపి ఊరుకున్నాను.

జూలైలో ఆదివారం ఆరాధన సంఘమంతా కలిసి మన ఇంట్లో జరుపుకునే వంతు వచ్చింది. ఆ ముందు వారం ఎలా ఉంటుందో నీకు తెలుసు. కిటికీలు కడిగాం, కొట్టానికి సున్నం వేశాం, పేడకుప్ప కూడా చదును చేశాం. మిగిలింది బాట పక్క కంచె, మీ అమ్మ జిల్లేడు. ఏటా గడ్డి కోసేటప్పుడు అక్కడికి రాగానే గుర్రాలను పక్కకు తిప్పడం నాకు అలవాటు. సాయానికి వచ్చిన పక్క పొలం లీవై బాట మీద నిలబడి దాన్నే చూశాడు.

"ఎడ్నాకు చూపు తగ్గిందని విన్నాను. నీక్కూడా తగ్గిందా ఏంటి ఏనస్?"

నవ్వుతూనే అన్నాడు. పాతిక బళ్లు ఆ బాటనే వస్తాయి, కలుపుమొక్కలు పెంచే రైతు అనుకుంటారు. గుర్రాలను తిప్పలేదు. ఒక్క ఊపున కోసేశాను.

ఎండుగడ్డిలో కలిస్తే ఆ పాలు పశువులకు విషం కదా, అందుకని పంగలకర్రతో విడిగా కుప్ప వేశాను. అప్పుడు చూశాను. ఆకులు వాడుతుంటే సీతాకోకచిలుకల చారల పురుగులు కుప్ప దిగి మోళ్ల మీదికి పాకుతున్నాయి. కొంతదూరం పోయి తల ఎత్తుతాయి, అటూ ఇటూ తిప్పుతాయి, మళ్లీ పాకుతాయి. ఆ ఆకు తప్ప మరొకటి ముట్టవని నీకూ నాకూ నేర్పింది మీ అమ్మే. ఒకటి నా బూటు ఎక్కింది. బకెట్టులో వేసి వాగు ఒడ్డున జిల్లేడు మీద వదిలి ఉండవచ్చు, పెద్ద పనేమీ కాదు. ఇంతలో ఆరాధనకు కూర్చునే బల్లలు తెచ్చే బండి మలుపు తిరిగింది. కాలు విదిలించి గేటు తీయడానికి వెళ్లాను.

ఆదివారం అందరూ ఇల్లు అద్దంలా ఉందన్నారు. మీ అమ్మకు అప్పటికి వెలుగూ నీడా తప్ప కనబడడం లేదు. అందరూ వెళ్లాక అరుగు మీద కూర్చుని, జిల్లేడు ఎంత ఎత్తు వచ్చిందని అడిగింది.

"నడుమెత్తు," అన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె రోజూ అడిగింది, నేను రోజూ చెప్పాను. పూలు విచ్చాయన్నాను, తేనెటీగలు కాళ్లు ఇరికించుకుని గింజుకుంటున్నాయన్నాను, ఎర్ర పెంకుపురుగులు జతకట్టాయన్నాను, పసుపు పేనుబంక చుట్టూ చీమలు కాపలా ఉన్నాయన్నాను. నిరుడు చూసిందంతా ఈ ఏడాదికి అప్పజెప్పాను. ఆమె బఠాణీలు ఒలుస్తూ ముఖం నా వైపు తిప్పి వినేది.

కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే శాలువా కప్పుకుని బయల్దేరింది. నేను వెనకే నడిచాను. కంచె దగ్గర ఆగింది.

"నడుమెత్తు అన్నావు," అంది.

లీవై అన్నది, నేను చేసింది అన్నీ చెప్పాను. పురుగుల సంగతి కూడా.

"కోస్తే కోశావు. నాకు కళ్లు లేనప్పుడు నీ కళ్లతో చూశానయ్యా. ఇప్పుడు ఏది చూశానో ఏది చూడలేదో నాకెలా తెలియాలి?"



మోళ్ల పక్కన జానెడు లేత పిలకలు లేచి ఉన్నాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఒక ఆకు తిరగేసి చూపించింది. నాకేమీ కనబడలేదు. గుండుసూది తలంత తెల్లటి గుడ్డు ఉందట. మరో ఆకు కింద ఇంకొకటి. లేత ఆకు కోసం తల్లులు తిరిగి వచ్చాయంది. నా ముఖం వెలగడం చూసి ఉంటుంది, వెంటనే, "ఇవి వేరు, నీ బూటెక్కింది వేరు" అంది. మంచు పడేలోగా ఇవి రెక్కలు ఎండబెట్టుకుని దక్షిణానికి ఎగురుతాయో లేదో తెలియదు. ఆ కాస్త జాగాలో ఇకమీదట ఆరాధన వంతు ఎన్నిసార్లు వచ్చినా కత్తి దించను.

చూపు వచ్చిన సంగతి ఒక్కటే రాస్తే ఊరుకోనని మీ అమ్మ ఎదురుగా కూర్చుంది. రెండూ రాశాను.

ఇట్లు,
సంతోషమూ సిగ్గూ రెండూ పట్టలేని
మీ నాన్న ఏనస్

తా.క. ఆ వైపు ఉన్న మనవాళ్లందరికీ చెప్పు. మీ మామయ్య ఓర్వాకు ముందు చెప్పు, చెల్లెలి కోసం ఉపవాసం ఉన్నాడు. మీ మేనత్త ఫ్యానీకి గట్టిగా చెప్పు, చెవులు మందం. చిన్నాన్న జోనస్‌కు, అతని కోడళ్లిద్దరికీ చెప్పు. పెద్దమ్మ సేడీకి కూడా కళ్లు మసకబారాయట, ఆపరేషనంటే భయపడుతోందట. ఆమె పక్కన కూర్చుని ఈ ఉత్తరం మొదటి నుంచీ చదివి వినిపించు. పెద్దనాన్న ఫ్రీమన్‌ను మాత్రం బయటికి పిలిచి, ఆమెకు తోట గురించి రోజూ ఏం చెబుతున్నాడో అడుగు.