చేదు టెస్టు

2025 జూన్ 2, సోమవారం

మాస్కులకి బిగించే ఫిల్టర్లు తప్పు వచ్చినాయి. కాదు, నేనే తప్పు ఆర్డర్ పెట్టినాను. ఇది హెవీ డ్యూటీ మేడమ్, దీన్ని మించింది లేదు అని డీలర్ ఫోన్లో ఊదరగొడితే సరే అనేసినా. డబ్బా తెరిస్తే అన్నీ గ్యాస్ కార్ట్రిడ్జ్‌లే. పెయింట్ వాసనకి, యాసిడ్ ఆవిరికి వాడేవి. మాది గ్రానైట్ ఫ్యాక్టరీ తల్లీ! మాకు కావల్సింది దుమ్ము ఆపేది. సేఫ్టీ ఆఫీసర్ భానుప్రియ అని తలుపుకి పేరు తగిలించుకుని మూడు నెల్లు కాలేదు, అప్పుడే ఈ నిర్వాకం. అన్నీ వాపసు పంపి, పింక్ డస్ట్ ఫిల్టర్లు చెప్పినాను. రబ్బర్ హాఫ్ మాస్కులు మాత్రం బాగుండాయి. మూడు సైజులు తెప్పించినా. మొహాలన్నీ ఒకటి కాదు కదా.

బావకి చెప్తే పడీ పడీ నవ్వినాడు. బావంటే మా ఆయన గుణశేఖర్, మా మేనత్త కొడుకే. ఇదే ఫ్యాక్టరీలో చేతి గ్రైండర్‌తో రాళ్ళ అంచులు కోస్తాడు. పెద్ద మిషన్ల కాడ నీళ్ళు పడతాంటాయి, దుమ్ము లేవదు. ఈయన షెడ్లోనే అసలు కత. సాయంత్రానికి పిండి మిషన్‌లోంచి లేచొచ్చినట్టుంటాడు. టవల్ కట్టుకుంటే చాలదా అంటాడు. చాలదు బావా, కంటికి కనపడని దుమ్మే ఊపిరితిత్తుల్లో తిష్ట వేస్తాదని వందసార్లు చెప్పినా.

జూన్ 5

ఫిల్టర్లు వచ్చినాయి. ఈసారి లేబుల్ మూడుసార్లు చదివినా.

జూన్ 6, శుక్రవారం, సాయంత్రం 5

ఈ రోజు ఫిట్ టెస్ట్. మాస్కు పెట్టుకున్నాక తలమీద ప్లాస్టిక్ హుడ్ వేసి, లోపలికి చేదు మందు స్ప్రే కొడతారు. మాస్కు మొహానికి బాగా అతుక్కుంటే చేదు తెలీదు. తెలిసిందంటే యాడో సందుండాది, ఆ సందులోనే దుమ్మూ పోతాది. ముందు మాస్కు లేకుండా ఒకసారి రుచి చూపించాల. బావతో పనిచేసే మునిశేఖర్ ఆ చేదుకి వాంతి చేసుకునేటట్టు మొహం పెట్టి, మా ఇంట్లో కాఫీకన్నా నయమే అన్నాడు. షెడ్డంతా నవ్వు. తొమ్మిదిమంది పాస్.

ఆఖర్న బావ.

బావకి గడ్డముండాది. నాకిప్పుడు ఆరో నెల. మూడో నెలనించి మా అత్త దేవకమ్మ ఆయన్ని బ్లేడు ముట్టనీలేదు. కడుపుతో ఉండే ఆడదాని మొగుడు గడ్డం తీస్తే బిడ్డకి మంచిది కాదంట. గడ్డముంటే మాస్కు అతుక్కోదు, రెండ్రోజుల గడ్డమైనా సరే అని నా పుస్తకంలో ఉండాది. రూల్ ప్రకారం ఆయన్ని కూర్చోబెట్టనే కూడదు. కానీ అందరూ నన్నే చూస్తాండారు. కూర్చోబెట్టినా. చేదు తెలిసిందా అంటే లేదన్నాడు. ఇంకోసారి కొట్టినా. లేదన్నాడు. కండ్లలో నీళ్ళు తిరుగుతాంటే కూడా లేదనే అన్నాడు.

పాస్ అని రాసి సంతకం పెట్టేసినాను.

అదే రోజు, 6.30

బావ చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పోయి బెల్లం గడ్డ నోట్లో వేసుకున్నాడు. దాని తర్వాత ఇంకోటి. అది కరగకముందే మూడోది. నేను గడపలో నిలబడి చూస్తానే ఉన్నా. నా పరువు కాపాడినాడంట, మహానుభావుడు! నా సంతకంతో ఈయన రేపట్నించి ఆ షెడ్లో ఊపిరి పీలుస్తాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద కాదు, నా మీద.

జూన్ 7

పాస్ కొట్టేసి ఫెయిల్ అని రాసినా. షెడ్లోకి రాకూడదని బోర్డు మీద బావ పేరు రాసినా.

జూన్ 8, ఆదివారం

మాటల్లేవు. రాళ్ళు మోసే పనికి మార్చినారని అలక. పదేండ్ల పనోడిని పెండ్లామే బయట నిలబెట్టిందని ఊరంతా నవ్వుతాందంట. గడ్డమున్నోళ్ళకి పనికొచ్చే, దుమ్ము వడగట్టి గాలి పంపే ఫ్యాన్ హుడ్ ఒకటుండాది, ఓనర్ ప్రతాప్ సార్ ఆర్డర్ పెట్టినారు, రెండు నెల్లు పడతాదంట. అన్ని రోజులు ఈయన ఊరుకోడు. నేను లేనప్పుడు టవల్ కట్టుకుని షెడ్లోకి దూరతాడు, నాకు తెలీదా.

గడ్డం తీసెయ్ బావా అని ఒక్క మాట అనొచ్చు. నోరు రాలేదు. నిజం రాస్తా, ఈడ ఎవరూ చూడరు. నాకూ భయమే. పుస్తకాలు చదివిందాన్నే, ఐనా బిడ్డ కదిలినప్పుడల్లా ఏమన్నా అయితే ఎట్ల అనిపిస్తాది.

సాయంత్రం ఇంట్లో ఫిట్ టెస్ట్ కిట్టు తుడుస్తాంటే అదేంటి పాపా అని అత్త వచ్చి కూర్చుంది. మాస్కు పెట్టి, హుడ్ వేసి, స్ప్రే కొట్టినా. ఏం తెలీలేదంది. మాస్కు తీసి కొడితే థూ థూ అని, వేపాకు నూరి పోసినావా అని తిట్టింది. తర్వాత ఏం తోచిందో, బావని పిలిచి వాడికి కొట్టు అంది. బావ మాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. నేను కొట్టినా. ఏం తెలీలేదమ్మా అన్నాడు. అత్త ఆయన మొహాన్నే చూస్తాంది. చిన్నప్పుడు మందు మింగించినప్పుడల్లా ఎడమ కనుబొమ్మ పైకి ఎత్తేవాడంట, ఇప్పుడూ ఎత్తినాడంట. అబద్దం ఆడొద్దురా గుణా అంది, అంతే.

తర్వాత మామ గురించి చెప్పింది. మామ వెంకటముని రాళ్ళ క్వారీలో పనిచేసినాడు. బావకి ఏడేండ్లప్పుడు దగ్గి దగ్గి పోయినాడు. అందరూ టీబీ అన్నారంట, మాత్రలు మింగినా తగ్గలేదంట. ఆయనా మొహానికి టవలే కట్టుకునేవాడని చెప్పి లేచి లోపలికి పోయింది.

జూన్ 9

అత్త లేదు. పొద్దున్నే చెప్పకుండా బస్సెక్కేసిందంట. ఫోన్ ఇంట్లోనే పెట్టి పోయింది. పాకాలలో మా ఆడబిడ్డ కోమలికి ఫోన్ చేస్తే ఆడికీ రాలేదంది. నామీద కోపమొచ్చిందో ఏమో. బావ బస్టాండంతా తిరిగి వచ్చినాడు. మాటల్లేవన్న సంగతి ఇద్దరం మర్చిపోయినాం.

జూన్ 10, మంగళవారం

మధ్యాన్నం అన్నం కాడ కూర్చున్నాం. గేటు చప్పుడైంది. అత్త. గుండు. గుండుకి చందనం. చేతిలో లడ్డు కవరు.

నడుం దాటే జుట్టు అత్తది. అరవైలో కూడా నల్లగా ఉందని వీధంతా ఈర్ష్య పడేది. కొండకి పోయినానంది. వాడి గడ్డం అడగొద్దు స్వామీ, దానికి బదులు నా జుట్టు తీసుకో, లెక్క సరిపోయిందని చెప్పి కల్యాణకట్టలో కూర్చున్నానంది. బావని చూసి, నువ్వు నాయన లేకుండా పెరిగినావు, నీ బిడ్డ అట్ల పెరగకూడదురా అంది. అని తనే పోయి బావ షేవింగ్ సామాను తెచ్చింది. బ్లేడు కొత్తది వేసింది.

నేను అత్తని పట్టుకుని ఏడ్చేసినా. చందనమంతా నా చీరకే. నువ్వు ఏడిస్తే లోపలోడు కూడా ఏడుస్తాడు, మూసుకో అని కసిరింది. లోపలోడు ఆ టైంలో తన్నినాడు. గట్టిగానే తన్నినాడు.

గడ్డం తీసినాక బావ పద్దెనిమిదేండ్ల పిల్లోడిలా ఉన్నాడు. నాకు సిగ్గేసింది.

జూన్ 11

బావకి మళ్ళీ టెస్ట్ పెట్టినా. చేదు తెలీలేదన్నాడు. పోయినసారీ ఇదే మాట అన్నాడు. సంతకం పెట్టలేదు.

ఇంటికొచ్చి బెల్లం గడ్డ ప్లేట్లో పెట్టి ఆయన ముందుంచినా. టీ తాగినాడు. పేపర్ చదివినాడు. అత్త గుండు మీద చెయ్యేసి నిమిరి తిట్లు తిన్నాడు.

బెల్లం ప్లేట్లో అట్లే ఉండాది. రేపు పొద్దున్నే పోయి సంతకం పెడతా.