అంబాసిడర్ మీటర్లు

సాయిప్రసాద్‌కు మీ వదిన రాస్తున్నది.

మా అంబాసిడర్ మీటర్లన్నీ విప్పి చూశానని, ఏ ముల్లూ చెడిపోలేదని నిన్న ఫోన్‌లో చెప్పావు. మీ అన్న పక్కనే కూర్చున్నాడు, అందుకే ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వన్నది నిజమే. ఆయనకే ముల్లు కనబడటం లేదు. పెట్రోల్ అయిపోయిన సంగతి తెలియక మొన్న దొంకేశ్వర్ దారిలో బండి ఆగింది. దవాఖానకు పోదామంటే, "నా కండ్లకేమైంది? మీటర్లే ఖరాబైనయి" అంటాడు. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి ధర చెప్పే మనిషి ఇప్పుడు వాసన చూసి చెబుతున్నాడు. నిన్న పట్టపగలు అరుగు మీద కూర్చుని, "జర లైటెయ్యి" అన్నాడు.

కారు తెచ్చుకుంటానని ఈరోజు ఆటోలో నీ మెకానిక్ షెడ్డుకు వస్తున్నాడు. సోమవారం నుంచి మనవరాలిని బడి దగ్గర తానే దింపుతాడట. ఏదో పార్టు హైదరాబాద్ నుంచి రావాలని చెప్పి బండి నీ దగ్గరే ఉంచుకో. మళ్లీ అడిగినా అదే చెప్పు.

ఇంతవరకు రాశాక ఆయన వచ్చి కాగితం తీసుకున్నాడు. కండ్లకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, "మంచిగ రాసినవ్" అన్నాడు. అందుకే కవరు అంటించకుండా ఆయన చేతికే ఇస్తున్నాను.