చొక్కాకెక్కిన గోల్‌కీపర్

ఏవండీ, బండికి టైమైపోయింది, తాడేపల్లిగూడెం బడికి వెళ్తున్నాను. పాలు కాచి ఉంచాను, గోరువెచ్చగా అయ్యాక మీరే తోడు పెట్టండి. గిన్నెలో బీరకాయ కూర ఉంది. ఆకివీడులో డ్యూటీ దిగి వచ్చీ రాగానే పడుకోకుండా రెండు ముద్దలు తినండి. కంచం మాత్రం బల్ల మీద పెట్టకండి, అక్కడ చొక్కా బొత్తాలే ఆటగాళ్ళుగా మన బొత్తాల ఫుట్‌బాల్ నడుస్తోంది.

నడుస్తోందని నేనే అనుకోవాలి. ఐస్ ఫ్యాక్టరీలో మీకు నైట్ డ్యూటీ పడినప్పుడు ఏమన్నారు? "ఇద్దరం ఒకేసారి ఇంట్లో లేకపోయినా ఆట ఆగదు విద్యా, ఎవరి దెబ్బ వాళ్ళం కొట్టి డ్యూటీకి వెళ్దాం" అన్నారు. పదకొండు రోజులైంది, మీ నల్ల బొత్తాల్లో ఒక్కటీ కదల్లేదు. రోజూ దుమ్ము తుడిచి ఎక్కడివక్కడే పెడుతున్నాను. నిన్నైతే మీ దెబ్బ కూడా నేనే కొట్టి చూశాను. ఏం బాగోలేదు, మళ్ళీ వెనక్కి జరిపేశాను.

ఇవాళ లేచి చూస్తే మీ గోల్‌కీపరే లేడు. మంచం కింద, బియ్యం డబ్బా వెనక, అంతా వెతికాను. చివరికి దండెం మీద మీ నీలం చొక్కాకి దొరికాడు, మెడ దగ్గర, తెల్ల దారంతో. మీకు కుట్టడం ఎప్పుడొచ్చిందండీ? ఒక్క ముక్క రాసి పెట్టి ఉంటే నేను కుట్టేదాన్ని కదా.

తా.క. వాణ్ణి ఊడదీయకండి, చొక్కాకి బాగానే ఉన్నాడు. బంతిగా పెట్టుకున్న బఠాణీ గింజ మీ గోలు ముందే ఉంది. ఆపేవాడు లేడు, చూసేవాళ్ళూ లేరు. అయినా నేను కొట్టలేదు. వంతు మీదండీ.