జాకీ దగ్గర నిలబడినవాడు

సెప్టెంబర్ 20, శనివారం

ట్రాలీ జాకీ కొనడానికి నిశ్చయించుకున్నాను. డిక్కీలో కారుతో వచ్చిన చిన్న జాకీని తిప్పి తిప్పి మోచేతులు పడిపోతున్నాయి. ఇకమీదట చిన్నచిన్న రిపేర్లు ఇంటి దగ్గరే చేస్తానని చెబితే మునిలక్ష్మి నవ్వింది. కుక్కర్ గ్యాస్కెట్ మార్చమంటే యూట్యూబ్ చూస్తావు, నువ్వు బ్రేకులు మారుస్తావా అంది. కారు ఎక్కువగా నడిపేది తనే. కాడుగోడి నుంచి బొమ్మసంద్ర ఫ్యాక్టరీకి రోజూ వెళ్ళి రావాలి. నాకు కుందలహళ్ళి ఆఫీసు, బైక్ చాలు.

నిన్న మీటింగ్ మ్యూట్‌లో పెట్టి వీడియోలు చూశాను. ఎన్ని టన్నులు ఎత్తుతుందన్నది ఒక్కటే చూసి కొనకూడదట. మా కారు నేలకు దగ్గరగా ఉంటుంది. జాకీ తల పూర్తిగా దించినా కిందికి దూరకపోతే అది ఏనుగును ఎత్తినా మనకు దండగే.

సెప్టెంబర్ 27

వచ్చింది. ఎర్రగా, బరువుగా, మొసలిపిల్లలా ఉంది. పిడి కొడుతుంటే కారు ముందు భాగం మెల్లగా లేస్తుంది. పిడిని కొంచెం తిప్పితే మెల్లగా దిగుతుంది. ఊరికే పదిసార్లు ఎత్తి దించాను.

ప్రతి వీడియోలోనూ ఒకటే మాట. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తాక కింద జాక్ స్టాండ్లు పెట్టాలి. అవి కార్ట్‌లో ఉన్నాయి. తర్వాత ఆర్డర్ పెడతాను.

అక్టోబర్ 2

నిన్న ఆయుధపూజ. కారుతో పాటు జాకీకి కూడా బొట్టు పెట్టింది మునిలక్ష్మి. ఈరోజు సెలవు. ఇంటి ముందు రోడ్డు మీద, చదునుగా ఉన్నచోట, ముందు చక్రాలు విప్పి బ్రేక్ ప్యాడ్లు మార్చాను. నేనే! ఓనరమ్మ కెంపమ్మ కిందింటి గుమ్మంలో కూర్చుని అంతా చూసింది. ఇంజనీరంటే ఇట్లుండాల అంది. రాత్రి నిద్రలో కూడా నవ్వుతానేమో.

అక్టోబర్ 12, ఆదివారం

మునిలక్ష్మి బాగానే ఉంది. ఎడమ భుజం కమిలింది. ఎముక విరగలేదని డాక్టర్ చెప్పాడు. ఇప్పుడు ఇంతకుమించి రాయలేను.

అక్టోబర్ 13

సిక్ లీవ్ పెట్టాను. నాకేం సిక్?

జరిగింది జరిగినట్టు రాయాలి. కారు కింద ఒక రేకు వదులై, స్పీడులో గలగలమంటోందని మునిలక్ష్మి వారం రోజులుగా చెబుతోంది. క్లిప్పు బిగిస్తే చాలు. నిన్న పొద్దున రోడ్డు మీద పక్కింటివాళ్ళ వ్యాన్ ఉంది. వాళ్ళను తీయమని అడగడానికి మొహమాటపడి, కారును గేటు లోపలి ర్యాంపు మీదే ఉంచి ఎత్తాను. ముక్కు ఇంటివైపు, వెనక రోడ్డువైపు. హ్యాండ్‌బ్రేక్ వదులుగా ఉందని నాకు తెలుసు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టలేదు. స్టాండ్లు ఇంకా కార్ట్‌లోనే ఉన్నాయి. చెయ్యి పట్టడం కోసం ఒక ముందు చక్రం విప్పాను. నడిచే దారికి అడ్డమని మునిలక్ష్మి దాన్ని కాలితో కారు కిందికి తోసింది.

నా చెయ్యి లావు, రేకు దగ్గరికి పోలేదు. నాది సన్నం, నేను పోతానంది. సరే అన్నాను.

తను పడుకుని కిందికి జరిగింది. నేను జాకీ దగ్గర నిలబడ్డాను. స్పానర్ శబ్దం రెండుసార్లు వినిపించింది. తర్వాత కారు ఊపిరి తీసుకున్నట్టు కదిలింది. వెనక్కి, చాలా కొంచెం. జాకీ పక్కకు ఒరిగింది.

ఆ తర్వాత నేను మెట్ల మీద ఉన్నాను. ఎలా వెళ్ళానో తెలియదు. మెట్ల మీద, గోడకు వీపు ఆనించి. కారు కింద కూలింది, తను తోసిన ఆ చక్రం మీద. చక్రం లేకపోతే... ఆ వాక్యం పూర్తి చేయలేను.

తను హేమంత్ అని పిలిచింది. అరవలేదు, పిలిచింది. అప్పుడు దిగి వెళ్ళి బంపర్ పట్టుకున్నాను. దాన్ని ఎత్తగలనా? ఊరికే పట్టుకున్నాను. అప్పుడే కెంపమ్మ తలుపు తీసింది. ఆమె కేకలకు నీళ్ళ క్యాన్ల ఆటో గంగన్న పరిగెత్తుకొచ్చాడు. చక్రం కింద జడ ఇరుక్కుంది. కత్తెరతో కత్తిరించి, కాళ్ళు పట్టి బయటికి లాగాడు గంగన్న. నేను అప్పటికీ బంపర్ పట్టుకునే ఉన్నాను.

అక్టోబర్ 16

వీధంతా పాకింది. కెంపమ్మ చెబుతోందట, “కారు మీద పడతా ఉంటే ఈయప్ప రెండు చేతులతో ఎత్తి పట్టుకొనుండాడు. లేకుంటే ఆ పాప యాడుంటుంది!” పాలు పోసేవాడు నా చేతుల వైపు చూశాడు. కాదండీ అన్నాను. అంతకంటే గట్టిగా అనలేదు.

అక్టోబర్ 19

మామ వెంకటరాయప్ప మాలూరు నుంచి వచ్చాడు. టమోటా తోట కూలీల మీద వదిలేసి, కూతుర్ని చూడ్డానికి బస్సెక్కాడు. గుమ్మంలోనే నన్ను వాటేసుకున్నాడు. ఆయన ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు. “నా బిడ్డను దక్కించినావప్పా” అన్నాడు. ఆయన గడ్డం నా మెడకు గుచ్చుకుంది. మునిలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. పొట్టి జుట్టుతో ఎవరో చుట్టాలమ్మాయిలా ఉంది. నేను నోరు తెరవలేదు. తను కూడా.

ఆయనకు రెండోసారి అన్నం పెట్టింది. నాకు కూడా పెట్టింది.

అక్టోబర్ 21

ఈరోజు మునిలక్ష్మిని అడిగేశాను, ఎందుకు ఏమీ అనవని. బట్టలు మడతపెడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది, “కింద పండుకుంటే మనుషులు కనబడరు, కాళ్ళే కనబడతాయి. నీ కాళ్ళు పొయ్యేది చూసినా.”

చొక్కా మడిచి నా వైపు పెట్టింది.

అక్టోబర్ 22

స్టాండ్లు వచ్చాయి. డబ్బా విప్పలేదు.

నవంబర్ 2

లేఅవుట్ సంఘం వాళ్ళు వచ్చారు. తొమ్మిదో తేదీ కన్నడ రాజ్యోత్సవంలో, అదే రాష్ట్రావతరణ వేడుకల్లో, నాకు సన్మానమట. కెంపమ్మే పేరు ఇచ్చిందట. వద్దన్నాను. ఇంత మంచోడికి ఇంత వినయమా అన్నాడు అధ్యక్షుడు. మునిలక్ష్మి లోపల మిక్సీ వేసింది. అందులో రుబ్బడానికి ఏమైనా ఉందో లేదో.

నవంబర్ 9, ఆదివారం

ఎర్ర పసుపు జెండాలు, స్పీకర్లు, ప్లాస్టిక్ కుర్చీలు. మామ మళ్ళీ వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన మునిలక్ష్మి. నాకు శాలువా కప్పారు. మైసూరు పేటా పెట్టారు, అది నా తలకు పెద్దది, కళ్ళ మీదికి జారుతోంది. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

చెప్పాను. కన్నడంలో, తెలుగులో, కలిపి. నేను కాపాడలేదండీ. కారు పడుతుంటే పారిపోయాను. మెట్ల మీదికి పారిపోయాను. ఆమెను బయటికి లాగింది గంగన్న. తప్పంతా నాదే, వాలులో ఎత్తాను, రాయి పెట్టలేదు, స్టాండు పెట్టలేదు.

తర్వాత అధ్యక్షుడు మైకు తీసుకుని, చూడండి, చేసినవాడు చేశానని చెప్పుకోడు, దొడ్డ గుణం అన్నాడు. చప్పట్లు. నాకు ఇంతకుముందు ఎప్పుడూ అన్ని చప్పట్లు పడలేదు. వెనక నిలబడ్డ గంగన్న కూడా కొట్టాడు.

మామ ఒక్కడే కొట్టలేదు. నన్నే చూస్తున్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి ఏదో అడిగాడు. తను తలూపింది. ఆయన లేచి కుర్చీల మధ్య నుంచి బయటికి వెళ్ళిపోయాడు. నేను ఆ పేటాతోనే వెనకాల వెళ్ళాను. బస్టాప్ దగ్గర నిలబడి ఉన్నాడు. “నా కాడ ఏమీ చెప్పొద్దు. దాని కాడ చెప్పు” అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కాడు.

ఇంటికొస్తే మునిలక్ష్మి అంది, “మైకులో చెప్పినావు. ఊరంతటికీ చెప్పినావు. నాకేం చెప్పినావు?”

నవంబర్ 10, ఉదయం

చెప్పాను. పారిపోయిన సంగతి కాదు, అది తను చూసిందే. అంతకుముందు సంగతి. నేను పోతానని తను అన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. నిజానికి నా చెయ్యి పట్టేదే, భయమేసి పోలేదన్నాను.

తను కాఫీ గ్లాసు కింద పెట్టింది. నాకూ భయమేసింది అంది. నువ్వు అడగలేదు.