పద్నాలుగో నంబరు బిళ్ల

మార్చి 9, సాయంత్రం

వంటాయన పోయాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు, పట్టపగలు. పొయ్యి మీద నీళ్లు పెట్టి, ఎండు రెల్లు తెస్తానని బకెట్ పట్టుకుని వెళ్లాడు. ఒక్క కేక వినపడింది. మేం పరిగెత్తుకెళ్లేసరికి ఒక చెప్పు, తెగిన బకెట్ తాడు, బురదలో ఈడ్చుకెళ్లిన జాడ మిగిలాయి.

సూపర్‌వైజర్ మొసలి అన్నాడు. మొసలి తాడును అంత నున్నగా కొయ్యదని మామయ్య అన్నాడు.

రోడ్డు నీళ్లలో మునిగి ఉంది. ఫోన్లకు సిగ్నల్ ఏనాడూ లేదు. వైర్‌లెస్‌లో అడిగితే 13న పడవ పంపుతామన్నారు. చిత్తడిలో కాలువ తవ్వే ఈ క్యాంపులో, మిగతా కూలీలు నీళ్లు రాకముందే ఊళ్లకు వెళ్లిపోగా, ఇక నలుగురం ఉన్నాం: సూపర్‌వైజర్, బురద తోడే డ్రెడ్జర్ డ్రైవర్, వెల్డర్ అయిన మా మేనమామ, టైమ్ కీపర్‌ని నేను.

నా పనంతా రేవు దగ్గర చెక్క బోర్డు. ఎడమ పక్క ‘లోపల’, కుడి పక్క ‘బయట’. చిత్తడిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరు ఇత్తడి బిళ్లను తన చేత్తో ఎడమ మేకుకు తగిలించాలి. తిరిగొచ్చాక తన చేత్తోనే కుడి మేకుకు మార్చుకోవాలి. ఒక్క బిళ్ల లోపల ఉన్నా క్యాంపు వదిలి వెళ్లకూడదు. దారి తప్పినవాడి చెవిన పడేలా అరగంటకోసారి సైరన్ మోగించాలి. అందుకే నన్ను అందరూ బిళ్లలమ్మ అంటారు.

వంటాయన మూడో నంబరు లోపలే వేలాడుతోంది. సైరన్ మోగించనా అని అడిగాను. ఆ ఉన్నదేదో దాన్ని కూడా పిలుస్తావా, ఊరుకో అని సూపర్‌వైజర్ కసిరాడు. ఊరుకున్నాను.

మార్చి 10, ఉదయం 11

డ్రైవర్ పొడుగాయన్ని చూశాడట.

పొడుగాయన నాచు కోసే మనిషి. నంబరు 14. జనవరిలో కనపడకుండా పోయాడు. చేతిలో అదే పొడుగు గెడ, చివర అదే కొడవలి. ముఖం సగం లేదట. డ్రైవర్ డ్రెడ్జర్ బకెట్‌తో కొట్టి నీళ్లలో అదిమి పట్టాడట. బకెట్ ఎత్తగానే ఆయన లేచి, ఒళ్లు దులుపుకుని నడిచాడట.

డ్రైవర్ మాట నమ్మేది కాదు. మూరెడు చేపను బారెడు చేసి చెప్పే రకం. కానీ ఇవాళ టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు.

సాయంత్రం 4

నడుస్తున్న ఇంజను ఆపి వస్తానని వెళ్లాడు. ఇంజను ఆగింది. డ్రైవర్ రాలేదు. ఐదో నంబరు లోపల.

మార్చి 11, ఉదయం 7

బోర్డు మీద బురద వేళ్ల గుర్తులు. మావి కావు, అంత పొడుగు వేళ్లు మాలో ఎవరికీ లేవు. అన్నీ ఎడమ పక్కనే, పద్నాలుగో మేకు చుట్టూ. ఆ మేకు ఖాళీ. దేన్నో తడుముకున్నట్టు చెక్కంతా పులిమేసి ఉంది.

ఆ మేకును ఖాళీ చేసింది నేనే.

ఈ మాట ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. జనవరి 22, పొగమంచు. సెలవుకు వెళ్లే ఆఖరి పడవ ఎక్కాల్సింది మేం ఐదుగురం. పద్నాలుగో బిళ్ల మాత్రం లోపలే ఉంది. ఆయన ముందు పడవలో వెళ్లిపోయుంటాడు, బిళ్ల మార్చి పారేయ్ అని సూపర్‌వైజర్ అన్నాడు. వంటాయన వాచీ చూసుకున్నాడు. డ్రైవర్ అప్పటికే పడవలో కూర్చున్నాడు. మామయ్య నా వంక చూసి తల దించుకున్నాడు. ఇంట్లో మా చెల్లెలి కూతురి పుట్టినరోజు. నేనింకా కేక్ కూడా కొనలేదు. బిళ్ల తీసి కుడి మేకుకు తగిలించాను. ఎంతసేపు? రెండు సెకన్లు.

వారానికి ఆయన భార్య వచ్చింది. నేనే ఆమెను బోర్డు దగ్గరికి తీసుకొచ్చి, చూడమ్మా, మీ ఆయన బయటికి వచ్చేశాడు అని వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ బిళ్లను ముట్టుకుని, అయితే వస్తాడులే అని వెళ్లిపోయింది. ఇది తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఉదయం 10

సూపర్‌వైజర్ చిన్న పడవ తీసుకుని ఒక్కడే పారిపోయాడు. పారిపోతూ కూడా అలవాటు కొద్దీ తన ఒకటో నంబరు బిళ్లను ‘లోపల’కు తగిలించాడు. వంద గజాలు వెళ్లాక నీళ్లలోంచి గెడ లేచింది. నేను కళ్లు మూసుకోలేదు. మామయ్య మూసుకున్నాడు.

జనవరిలో ఆ ఆఖరి పడవలో ఇంటికెళ్లిన ఐదుగురిలో ఇక ఇద్దరం.

మార్చి 12, ఉదయం 9

పొడుగాయన వర్క్‌షాపులోకే వచ్చాడు. రేకు తలుపు గొళ్లెం ఒక్క తోపుకు ఊడింది. కొడవలి మామయ్య పిక్కను కోసేసింది. మామయ్య కింద పడి కూడా వెల్డింగ్ రాడ్ వదల్లేదు. పొడుగాయన గుండెకు ఆనించాడు. తడి గోనె కాలిన కంపు. ఆయన అలసిపోయిన మనిషిలా కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మామయ్యను ఈడ్చుకుంటూ స్టోర్ గదిలోకి వచ్చి తలుపు వేశాను.

ఇరవై ఏళ్ల సర్వీసులో అతుక్కోని కేసు ఇదొక్కటేనే అని మామయ్య నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. చీర చెంగు చించి కట్టాను. రక్తం ఆగడం లేదు. రేపటి పడవ దాకా ఉంటాడో ఉండడో.

కిటికీలోంచి చూస్తే ఆయన లేచాడు. మా వైపు రాలేదు. ముందు బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఖాళీ మేకును తడిమాడు. అప్పుడు మా వైపు తిరిగాడు.

అర్థమైంది. నేను బయటికి వెళ్తున్నాను. మామయ్య వద్దంటున్నాడు, మీ అమ్మకు నేనేం చెప్పుకోను అంటున్నాడు.

మధ్యాహ్నం 1

బతికే ఉన్నాను.

వెనక తలుపులోంచి చుట్టూ తిరిగి పరిగెత్తాను. పద్నాలుగో బిళ్లను కుడి మేకు నుంచి తీసి ఎడమ మేకుకు తగిలించాను. ఒకసారి చేజారి కింద పడింది, మళ్లీ తీశాను. సైరన్ హ్యాండిల్ తిప్పాను. ఆయన పది అడుగుల్లో ఉన్నాడు, గెడ ఎత్తి.

సైరన్ మోగగానే ఆగాడు. తల పక్కకు వంచి విన్నాడు. గెడను స్టాండ్‌లో పెట్టాడు, రోజూ డ్యూటీ దిగాక పెట్టినట్టే. నా పక్క నుంచే వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. తన బిళ్ల తీసుకుని కుడి మేకుకు తనే తగిలించాడు. తర్వాత రేవు చెక్కల మీద కూలిపోయాడు. చచ్చి రెండు నెలలు కావస్తున్న మనిషి ఎలా ఉండాలో అలాగే ఉన్నాడు.

టార్పాలిన్ కప్పాను. తప్పయిపోయిందన్నాను. చాలాసార్లు అన్నాను.

మార్చి 13, ఉదయం 10

పడవ వచ్చింది. మామయ్యను ఎక్కించారు, ప్రాణానికి భయం లేదన్నారు. పొడుగాయన్ని కూడా ఎక్కించారు. ఆయన భార్యకు నేనే వచ్చి చెప్తాను, నాకోసం ఆగమని కబురు పెట్టాను.

పడవాయన తొందరపెట్టాడు. పోయినవాళ్లు ఎలాగూ పోయారు, ఆ మూడు బిళ్లలు అటు మార్చేసి తాళం వేసి రామ్మా అన్నాడు. మంచివాడే, మా ప్రాణాల కోసమే అన్నాడు.

నేను మార్చను అన్నాను. మామయ్య ఈసారి తల దించుకోలేదు. దాన్ని వదిలెయ్యండి, దాని డ్యూటీ అయిపోలేదు అన్నాడు.

పడవ వెళ్లిపోయింది. అరగంటకోసారి సైరన్ మోగిస్తున్నాను.

మధ్యాహ్నం 12:30

వంటాయన వచ్చాడు. ఒక కాలికే చెప్పుంది. తన బిళ్ల తనే మార్చుకున్నాడు. ఇంకా ఇద్దరు రావాలి.