పద్నాలుగు మంది పిల్లల తల్లి

మార్చి 4, మంగళవారం
నేను చూసుకునే డొరతీకి స్నానం, మందులు అయ్యేసరికి పదకొండు. నా డ్యూటీ ఇంకో గంట. లాప్‌టాప్ తెరవమంటుంది. ఎనభై నాలుగేళ్ళ మనిషికి ఇంగ్లండ్‌లో ముత్తాత సంసారం సంగతి తేల్చాలని ఒకటే పట్టు. పద్నాలుగు మంది పిల్లలు! అందరి జనన రికార్డుల్లోనూ తల్లి పుట్టింటి పేరు ఒకటే, హార్ట్. డొరతీ తాత పన్నెండోవాడు. "పూర్ ఎలెన్! ఫోర్టీన్ ఆఫ్ దెమ్!" అని ముత్తవ్వ మీద జాలి.

మార్చి 7
చర్చి రిజిస్టర్‌లో ఎలెన్‌ని పూడ్చిన రోజు దొరికింది. తొమ్మిదో బిడ్డ పుట్టిన నెలకే... మరి తర్వాతి ఐదుగురు? "దట్ కాంట్ బి రైట్, లవ్," అంది డొరతీ. ముఖం వాడిపోయింది. తాతకి తల్లి లేకుండా పోయింది మరి.

మార్చి 8
ఇంటికెళ్తుంటే బ్లాక్‌టౌన్‌ స్టేషన్‌లో రైలు లేటు. తల నిండా ఎలెనే. నాకెందుకు? అయినా వదలదు.

మార్చి 11
ఎలెన్ పోయాక తీసిన జనాభా లెక్కలు. ముత్తాత, పిల్లలు, అట్టడుగున ఒక పేరు — జేన్ హార్ట్, భార్య చెల్లెలు. నాకు క్షణం పట్టలేదు. అక్క పోతే చెల్లెలిని చేసుకున్నాడు! పుట్టింటి పేరు ఒకటే కదా, ఎవరికీ అనుమానం రాలేదు.
"హౌ డిడ్ యూ నో?" అంది డొరతీ.
ఎలా అంటే... మా ఇంట్లోనూ అదే. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. నాన్న పిన్నిని చేసుకున్నాడు. చెప్పేశాను. ఈ దేశంలో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మార్చి 14
అప్పట్లో అక్కడ అది చట్టం ఒప్పని పెళ్ళట. వేరే ఊరెళ్ళి గుట్టుగా చేసుకున్నారు. రికార్డు దొరికింది! పదేళ్ళ తర్వాతి లెక్కల్లో జేన్ తన ఇంట్లో తనే 'హౌస్‌కీపర్'. ఐదుగురిని కని! ఒళ్ళు మండింది. డొరతీ మాత్రం ఆ పేరు మీద వేలు పెట్టి, "హలో, జేన్," అంది. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

మార్చి 15
ఆర్వోలో, అదే ఇక్కడివాళ్ళ భాషలో మధ్యాహ్నం, పిన్నికి ఫోన్. తెనాలిలో అప్పుడే టిఫిన్ చేస్తోంది. కథంతా చెప్పాను. నవ్వింది.
"దానికంత గుట్టెందుకే? మనకి మామూలేగా."
మళ్ళీ తనే — "అక్క పిల్లలు ఆవిణ్ణి ఏమని పిలిచేవాళ్ళంట?"
"అలాంటివి ఎక్కడా రాయరు పిన్నీ."
అన్నాక గానీ నా మాట నాకే వినపడలేదు. ముప్పై ఏళ్ళుగా 'పిన్నీ' అనే పిలుపు. ఇంకోలా పిలవాలని నోటిదాకా వచ్చింది... సిగ్గేసింది.
"పోన్లే," అంది పిన్ని. "దొరికితే చెప్పవే."